గుడి శాసనంలోని తేదీని లెక్కగట్టడం ఎలా? రామప్ప రాతితో మొదలుపెడదాం

పాలంపేట రామప్ప గుడి ప్రాంగణంలో చిన్న మండపం కింద ఒక శాసన స్తంభం నిలబడి ఉంది. చాలామంది మదనికల (నాట్యకత్తెల శిల్పాల) దగ్గర ఫొటోలు దిగి, నీళ్లలో తేలే ఇటుకల ముచ్చట విని, దీన్ని దాటి వెళ్లిపోతారు. ఆ గుడిలో ప్రతిష్ఠ ఎప్పుడు జరిగిందో కచ్చితంగా చెప్పేది మాత్రం ఈ రాయే. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు రుద్రేశ్వరుణ్ణి ప్రతిష్ఠించిన రోజు ఇందులో ఉంది: శక (శాలివాహన శకం) 1135, శ్రీముఖ సంవత్సరం, చైత్ర శుద్ధ అష్టమి, పుష్యమి, ఆదివారం. ఇందులోని ఏడును ఇప్పటి లెక్కలోకి తేవడానికి కూడిక, భాగహారం వస్తే చాలు.

ముందు అక్షరాలు కనబడాలి. టార్చి రాతికి ఎదురుగా కొడితే చెక్కడమంతా చదునుగా మాయమవుతుంది. పక్కనుంచి, రాతికి దాదాపు ఆనించినట్టు పట్టండి. గాడిలో నీడ పడి అక్షరం లేస్తుంది. ఆరుబయట రాళ్లయితే పొద్దున్నే ఏటవాలు ఎండలో చూడాలి. సుద్ద, ముగ్గుపిండి, పసుపు, నూనె రాయకండి. అవి రాతి రంధ్రాల్లోకి దిగితే మళ్లీ రావు. పైగా సుద్ద రాసేటప్పుడు మనం అనుకున్న అక్షరాన్నే దిద్దుతాం. రాతిమీద ఉన్న అక్షరం అది కాకపోవచ్చు.

శక సంవత్సరం అంకెల్లో ఉంటే అదృష్టం. అరిగిన రాతిమీద ౨, ౩ ఒకేలా కనిపిస్తాయి, జాగ్రత్త. శ్లోకమైతే తరచూ మాటల్లో చెబుతారు: శశి అంటే 1, నేత్రం 2, అగ్ని 3, వేదం 4, బాణం 5, రసం 6, గిరి 7, గజం 8, నంద 9, గగనం 0. వీటిని కుడినుంచి ఎడమకు పేర్చాలి. ఉదాహరణకు ‘బాణాగ్ని శశి శశి’ అని ఉంటే 5, 3, 1, 1 వస్తాయి. తిప్పితే 1135. రుద్ర అంటే ఒక్కటే మాటలో 11, రెండు స్థానాలు తీసుకుంటుంది. సముద్రం, గుణం లాంటివి తిప్పలు పెడతాయి. సముద్రం 4 కావచ్చు, 7 కావచ్చు. గుణం 3 కావచ్చు, 6 కావచ్చు.

ఇలాంటి సందేహాలు తీర్చేది సంవత్సరం పేరు. శక సంవత్సరానికి 12 కలిపి 60తో భాగించండి. మిగిలిన శేషం ప్రభవ నుంచి ఎన్నో పేరో చెబుతుంది (శేషం 0 అయితే అక్షయ). 1135కి 12 కలిపితే 1147. 60తో భాగిస్తే శేషం 7. ఏ పంచాంగం మొదట్లోనైనా ఉండే అరవై పేర్లలో ఏడోది శ్రీముఖ. సరిపోయింది. అదే ౩ను ౨గా చదివి 1125 అనుకుంటే శేషం 57, అంటే రుధిరోద్గారి. రాతిమీద శ్రీముఖ అని ఉంది కాబట్టి తప్పు అక్కడే పట్టుబడుతుంది. రాతిమీది పేరు సంఖ్యకన్నా శేషం సరిగ్గా ఒకటి ఎక్కువొస్తే కంగారు వద్దు. పూర్తయిన ఏళ్లే కాకుండా నడుస్తున్న ఏడును కూడా లెక్కలో కలిపి చెక్కి ఉంటారు. శక సంఖ్యలో ఒకటి తగ్గించి ముందుకు వెళ్లండి. అంతకన్నా ఎక్కువ తేడా వస్తే చదవడంలోనే పొరపాటు ఉందేమో చూడాలి. పేరు కూడా పూర్తిగా చదవాలి సుమా: విరోధి 23వది, విరోధికృత్తు 45వది.

ఇక క్రీస్తు శకం. అందరూ కళ్లు మూసుకుని 78 కలిపేస్తారు. చైత్రం నుంచి మార్గశిరం దాకా అది చెల్లుతుంది. మాఘ, ఫాల్గుణాలకు 79 కలపాలి, ఎందుకంటే అప్పటికి జనవరి ఒకటి దాటిపోయి ఉంటుంది. పుష్యమాసం రెండేళ్ల మీదా కాళ్లు వేసి ఉంటుంది కాబట్టి తిథి చూసి తేల్చాలి. హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని కాకతీయ రాజు రుద్రదేవుడి శాసనం శక 1084, చిత్రభాను, మాఘ శుద్ధ త్రయోదశి. 1084కి 12 కలిపితే 1096, శేషం 16, పదహారోది చిత్రభాను. మాసం మాఘం కనుక 79 కలిపితే 1163 వస్తుంది. 78 కలిపినవాళ్లు 1162 అని రాస్తారు.

రామప్పది చైత్రం. 1135కి 78 కలిపితే 1213. రోజు తేలాలంటే కంప్యూటరు పంచాంగంలో ఆ తిథి వెతకాలి. అది మార్చి 31, ఆదివారం. ఇక్కడే కంప్యూటరు పంచాంగాలు బోల్తా కొట్టిస్తాయి. ఇప్పటి గ్రెగోరియన్ క్యాలెండరు 1582లో మొదలైంది, చరిత్ర పుస్తకాల్లో అంతకుముందు తేదీలు జూలియన్ అనే పాత క్యాలెండరు లెక్కలో ఉంటాయి. కొన్ని ప్రోగ్రాములు గ్రెగోరియన్ లెక్కనే వెనక్కి లాగుతాయి. 13వ శతాబ్దంలో రెండింటికీ తేడా 7 రోజులు. అందుకే అదే రోజు ఏప్రిల్ 7గా కనబడవచ్చు. సరిగ్గా వారం తేడా కాబట్టి రెండు చోట్లా ఆదివారమే వస్తుంది, తప్పు జరిగినట్టు అనుమానమే రాదు. ఏ లెక్క వాడారో తేదీ పక్కనే రాసుకోండి.

వారాల పేర్లు కూడా శ్లోకంలో మారువేషంలో వస్తాయి. భాను ఆదివారం, ఇందు సోమ, భౌమ మంగళ, సౌమ్య బుధ, భార్గవ శుక్ర, సౌరి శని. పొట్టిగా రాసిన ‘శు’ మాసం తర్వాత వస్తే శుద్ధ, తిథి తర్వాత వస్తే శుక్రవారం. ‘బ’ అంటే బహుళ పక్షం.

రాసుకునేటప్పుడు ‘గుడి 1213లో కట్టారు’ అనొద్దు. రాయి చెప్పేది ప్రతిష్ఠ రోజు. పునాది తవ్వింది ఎప్పుడో ఆ తేదీలో లేదు. ‘రుద్రేశ్వర ప్రతిష్ఠ, శక 1135, చైత్ర శుద్ధ 8, ఆదివారం, జూలియన్ 1213 మార్చి 31’ అని రాసి, కింద శేషం లెక్క కూడా వేసి పెట్టండి. తర్వాత చూసేవాళ్లు సరిచూసుకోవచ్చు.