తగ్గిన కొవ్వు ఎక్కడికి పోతుంది? మనకు తగ్గుతున్నది కొవ్వేనా అని ఎలా తెలుసుకోవాలి?

ఐదు కిలోలు తగ్గినవాళ్లను ‘ఆ కొవ్వంతా ఏమైంది?’ అని అడిగి చూడండి. చెమటలో పోయిందని కొందరు, విరేచనంలో పోయిందని కొందరు అంటారు. కండగా మారిందని జిమ్‌కెళ్లే కుర్రాళ్లు, శక్తిగా మారి ఖర్చయిపోయిందని కాస్త సైన్సు చదివినవాళ్లు చెబుతారు. నిజానికి అందులో ఎక్కువ భాగం ముక్కులోంచి గాలిగా బయటికి వెళ్లిపోయింది.

సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన రూబెన్ మీర్‌మన్, ఆండ్రూ బ్రౌన్ 2014 డిసెంబరులో బీఎంజే వైద్య పత్రికలో ఈ లెక్క వేసి చూపించారు. దానికోసం 150 మంది డాక్టర్లను, డైటీషియన్లను, ఫిట్‌నెస్ ట్రైనర్లను ఇదే ప్రశ్న అడిగితే, ఎక్కువమంది శక్తిగానో వేడిగానో మారుతుందనే చెప్పారు. కాబట్టి మనకు తెలియకపోతే సిగ్గుపడాల్సిన పనేం లేదు. కానీ తెలుసుకుంటే ఒక లాభం ఉంది. బరువు మిషన్ మీద అంకె తగ్గినప్పుడు పోయింది కొవ్వా, నీళ్లా, కండా అని ఎవరికి వాళ్లే అంచనా వేసుకోవచ్చు.

1. ముందు కొవ్వు దారి తెలుసుకోండి

మన పొట్ట మీద కొవ్వు, మూకుట్లో నూనె, గిన్నెలో నెయ్యి రసాయనికంగా ఒకే జాతివి. మూడింటి పేరూ ట్రైగ్లిజరైడే. మన ఒంట్లోని కొవ్వులో సగటు అణువును తీసుకుంటే 55 కార్బన్, 104 హైడ్రోజన్, 6 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి.

ఖర్చు కంటే తిండి తగ్గినప్పుడు రక్తంలో ఇన్సులిన్ తగ్గుతుంది, కొవ్వు కణాలు తలుపు తీస్తాయి. ట్రైగ్లిజరైడ్ విడిపోయి కొవ్వు ఆమ్లాలు, గ్లిజరాల్ రక్తంలోకి వస్తాయి. కొవ్వు ఆమ్లాలు అల్బుమిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని కండరాలకు, గుండెకు, కాలేయానికి చేరతాయి. అక్కడి కణాల్లో ఉండే మైటోకాండ్రియాలు మనం పీల్చిన ఆక్సిజన్‌తో వాటిని మండిస్తాయి. శక్తి వస్తుంది, కానీ పరమాణువులు ఎక్కడికీ పోవు. కార్బన్ కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరితిత్తుల్లోంచి బయటికి పోతుంది. హైడ్రోజన్ నీరై మూత్రంలో, చెమటలో, ఊపిరి ఆవిరిలో కలుస్తుంది.

మీర్‌మన్, బ్రౌన్ లెక్క ప్రకారం 10 కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే, అందులో 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. మిగిలిన 1.6 కిలోలు నీరవుతుంది. దీనికి 29 కిలోల ఆక్సిజన్ పీల్చాలి. అన్నీ కలిపితే 28 కిలోల కార్బన్ డయాక్సైడ్, 11 కిలోల నీరు తయారవుతాయి. కూడి చూసుకోండి, రెండు వైపులా 39 కిలోలే.

ఇదేమీ కొత్త సిద్ధాంతం కాదు. శ్వాస కూడా ఒక రకమైన దహనమేనని ఫ్రెంచి శాస్త్రవేత్తలు లెవోయిజర్, లాప్లాస్ 1780లలోనే గినీ పందిని మంచు నింపిన పరికరంలో ఉంచి చూపించారు.

అలాగైతే గబగబా ఊపిరి వదిలితే సన్నబడతామా? కుదరదు. కణాల్లో ఎంత కార్బన్ డయాక్సైడ్ తయారైతే అంతే బయటికి పోతుంది. కదలకుండా కూర్చుని ఊరికే వేగంగా ఊపిరి తీస్తే రక్తంలో ఉన్నది కాస్త ఎక్కువగా పోయి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. కొవ్వుకు ఏమీ కాదు. ప్రాణాయామం మనశ్శాంతికి చేసుకోండి, మంచిదే. ‘రోజూ కపాలభాతి చేస్తే పొట్ట మాయం’ అనే వీడియోలను మాత్రం పక్కన పెట్టండి.

2. ఒక రాత్రి మీరే పరీక్షించి చూడండి

డిజిటల్ బరువు మిషన్ ఉంటే చాలు. పడుకునే ముందు బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చి బరువు చూసుకోండి. పొద్దున లేవగానే, బాత్‌రూమ్‌కి వెళ్లకముందే, అవే బట్టల్లో మళ్లీ చూడండి. మధ్యలో నీళ్లు తాగకూడదు. కొన్ని వందల గ్రాముల తేడా వస్తుంది. ఆ బరువంతా ఊపిరిలోంచి, చర్మంలోంచి పోయిందే. అందులో ఎక్కువ భాగం నీటి ఆవిరి, పొద్దున రెండు గ్లాసుల నీళ్లు తాగితే తిరిగొచ్చేస్తుంది. కొంత భాగం కార్బన్.

70 కిలోల మనిషి రోజుకు సుమారు 200 గ్రాముల కార్బన్‌ను ఊపిరితో వదులుతాడు, అందులో మూడో వంతు నిద్రలోనే. మరి మనమంతా ఎందుకు చిక్కిపోవట్లేదంటే, మర్నాడు ఇడ్లీ, అన్నం, టీలో చక్కెర రూపంలో ఆ కార్బన్‌ను తిరిగి నింపుకుంటున్నాం.

3. మొదటి వారం అంకెను నమ్మకండి

అన్నం మానేసిన నాలుగు రోజులకే రెండు కిలోలు తగ్గాయని సంబరపడేవాళ్లు చాలామంది. కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం సుమారు అరకిలో నిల్వ ఉంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. పిండిపదార్థాలు బాగా తగ్గిస్తే ముందు ఖాళీ అయ్యేది ఈ నిల్వే, దాంతోపాటు నీరూ పోతుంది. ఏకాదశి ఉపవాసం మర్నాడు మిషన్ చూపించే తగ్గుదల చాలావరకు ఇదే.

తిరగేసి చూసినా అంతే. సంక్రాంతికి అరిసెలు, చకినాలు, జంతికలు గట్టిగా లాగించాక రెండు రోజుల్లో కిలోన్నర పెరిగితే టెన్షన్ పడొద్దు. ఒక కిలో ఒంటి కొవ్వు పేరుకోవాలంటే ఖర్చు కంటే సుమారు 7,700 కాలరీలు ఎక్కువ తినాలి. అన్ని అరిసెలు మీరు తిని ఉండరు. పెరిగిన దాంట్లో ఎక్కువ భాగం ఉప్పు, పిండి పట్టి ఉంచిన నీరే.

అందుకని రోజూ పొద్దున ఒకే సమయంలో, ఖాళీ కడుపుతో బరువు చూసి రాసుకోండి. కానీ ఏ రోజు అంకెనీ పట్టించుకోకండి. వారం సగటు తీసి, ముందు వారం సగటుతో పోల్చండి. రోజూ చూస్తే మనసు పాడవుతుందనుకునేవాళ్లు వారానికోసారి చూసుకున్నా పరవాలేదు.

4. టేపు తీయండి

బరువు కంటే నడుము కొలతే నాకు నమ్మకం. చివరి పక్కటెముకకీ, తుంటి ఎముక పై అంచుకీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టండి. ఊపిరి మామూలుగా వదిలాక చూడండి, పొట్ట లోపలికి పీల్చడాలు వద్దు. మన దేశంలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదంగా లెక్కిస్తారు.

సన్నగా ఉన్నాం కదా, మనకెందుకు అనుకునేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు పరిశోధకులు తమ ఫొటో పక్కపక్కన వేసుకున్నారు. ఒకరు పుణేకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్‌కిన్. ఎత్తునూ బరువునూ కలిపి లెక్కించే బీఎంఐ ఇద్దరిదీ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చే మన వాటం తెలిసిందే కదా. మనకు మిషన్ మీద అంకె చెప్పని సంగతిని టేపు చెబుతుంది.

పొట్ట తగ్గడానికి పొట్ట వ్యాయామాలే చేస్తే అక్కడి కొవ్వు పోతుందనేది మాత్రం అపోహ. ఏ కణం నుంచి కొవ్వు తీయాలో హార్మోన్లు, జన్యువులు నిర్ణయిస్తాయి. పొట్టకు కట్టే చెమట బెల్టుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కట్టినవాళ్లకు నీళ్లు పోతాయి, అమ్మినవాళ్లకు డబ్బులొస్తాయి.

5. తిండి దగ్గర తగ్గించండి, నడక మానకండి

70 కిలోల మనిషి గంటకు ఐదు కిలోమీటర్ల వేగంతో గంటసేపు నడిస్తే, ఊరికే కూర్చున్నదానికంటే అదనంగా సుమారు 175 కాలరీలు ఖర్చవుతాయి. గ్రాము కొవ్వులో తొమ్మిది కాలరీలు. అంటే దాదాపు 20 గ్రాముల కొవ్వు, ఒకటిన్నర టేబుల్ స్పూన్ల నూనెతో సమానం. పార్కులో గంట నడిచి, దారిలో రెండు మిర్చి బజ్జీలు తింటే లెక్క సరి. తిరగమోతలో, వేపుడులో ఆ నూనెను ముందే తగ్గించడం ఎంత తేలికో మీరే ఆలోచించండి. గరిటెతో కాకుండా స్పూనుతో కొలిచి పోయండి.

రోజుకు 500 కాలరీలు తగ్గిస్తే రెండు వారాలకు సుమారు కిలో కొవ్వు పోతుంది. ఒళ్లు తేలికైన కొద్దీ ఖర్చూ తగ్గుతుంది కాబట్టి ఈ వేగం అలాగే ఉండదు. పది రోజుల్లో పది కిలోలు అనే ప్రకటన చూసినప్పుడు 77,000 కాలరీలను గుర్తు తెచ్చుకోండి. పది రోజులు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉన్నా అంత ఖర్చు కాదు. వేగంగా తగ్గేవాళ్లకు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదం కూడా ఎక్కువ.

6. కండను కాపాడుకోండి

తిండి తగ్గినప్పుడు శరీరం కొవ్వుతోపాటు కండనూ కొంత వాడుకుంటుంది. మన భోజనంలో అన్నం గుట్ట, కూర చెంచాడు ఉంటుంది కాబట్టి ఈ నష్టం మనకు మరీ ఎక్కువ. అన్నం సగం చేసి, పప్పును చారులా పలచగా కాకుండా ముద్దగా వేసుకోండి. పెరుగు, శనగలు, గుడ్డు, చేప, ఏది అలవాటైతే అది ప్రతి పూటా ఉండాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ప్రొటీన్ పెంచే ముందు డాక్టర్‌ను అడగాలి. వారానికి రెండు మూడుసార్లు బరువులు ఎత్తండి. జిమ్‌కెళ్లలేకపోతే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు ఆనుకుని దండీలు తీయడంతో మొదలుపెట్టొచ్చు.

7. తగ్గాక ఆకలి పెరిగితే కంగారు పడకండి

తగ్గినవాళ్లలో కొవ్వు కణాలు మాయం కావు, చిన్నవవుతాయి అంతే. పెద్దవాళ్లలో ఏటా సుమారు పది శాతం కణాలు చనిపోయి, వాటి చోట కొత్తవి పుడతాయని 2008లో స్వీడన్ పరిశోధకులు తేల్చారు. మొత్తం సంఖ్య మాత్రం దాదాపు మారదు. కణాలు చిన్నబడితే అవి విడుదల చేసే లెప్టిన్ అనే హార్మోన్ తగ్గుతుంది, మెదడు దాన్ని కరువుగా అర్థం చేసుకుని ఆకలి పెంచుతుంది. తగ్గాక మళ్లీ పెరిగినవాళ్లను ‘నోరు కట్టుకోలేరు’ అని వెక్కిరించడం అన్యాయం. బరువు తగ్గించుకోవడానికి చూపిన శ్రద్ధ, తగ్గాక నిలబెట్టుకోవడానికీ అంతే కావాలి.

షుగర్‌కు ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవాళ్లు తిండి తగ్గించే ముందే డాక్టర్‌తో మాట్లాడి మోతాదు చూపించుకోవాలి, లేకపోతే షుగర్ మరీ పడిపోవచ్చు. ఏ ప్రయత్నమూ చేయకుండా బరువు తగ్గుతుంటే సంతోషించకండి. దాని వెనుక అదుపులో లేని షుగర్, థైరాయిడ్, క్షయ వంటివి ఉండొచ్చు, పరీక్షలు చేయించుకోండి.