అమెరికా యూనివర్సిటీ క్యాంపస్‌లో డ్రోన్ ఎగరేయాలంటే ఏం చేయాలి?

ముందుగా తేల్చుకోవాల్సింది డ్రోన్ ఎందుకు ఎగరేస్తున్నారన్నది. సరదాకైతే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ గుర్తించిన 'ట్రస్ట్' అనే ఉచిత ఆన్‌లైన్ పరీక్ష సరిపోతుంది. విద్యార్థులు చదువుకో, పరిశోధనకో ఎగరేసినా 2018 నాటి చట్టం దాన్ని సరదా కిందే చూస్తుంది. అదే స్నేహితుడి కాన్వొకేషన్ వీడియో తీసి డబ్బు తీసుకుంటే మాత్రం పార్ట్ 107 సర్టిఫికెట్, అంటే ఎఫ్‌ఏఏ ఇచ్చే డ్రోన్ పైలట్ సర్టిఫికెట్, ఉండాల్సిందే. దాని పరీక్షలో 60 ప్రశ్నలుంటాయి, 70 శాతం రావాలి. మన పిల్లలు ఒకటి బాగా గుర్తుపెట్టుకోవాలి: ఈ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన ఎఫ్-1 వీసా మీద సంపాదించుకునే హక్కు రాదు. ఒక్క వీడియో కోసం చదువునే పణంగా పెట్టకండి.

తర్వాత రిజిస్ట్రేషన్. సరదాకి ఎగరేసే డ్రోన్ 250 గ్రాములు, అంతకు మించి ఉంటే 5 డాలర్లు కట్టి నమోదు చేసుకోవాలి; అది మూడేళ్లు చెల్లుతుంది. పార్ట్ 107 కింద బరువుతో పనిలేదు, ప్రతి డ్రోన్‌కీ నమోదు తప్పదు. నమోదు నంబరును డ్రోన్ బయటివైపు కనిపించేలా రాయండి. పాత డ్రోన్ కొంటుంటే రిమోట్ ఐడీ (డ్రోన్ గుర్తింపునీ, ఎక్కడుందన్నదీ గాల్లోంచే ప్రసారం చేసే ఏర్పాటు) ఉందో లేదో అడిగి తెలుసుకోండి.

ఇక గగనతలం. టెక్సాస్ ఏ అండ్ ఎమ్ క్యాంపస్‌నే తీసుకోండి. పక్కనే ఈస్టర్‌వుడ్ విమానాశ్రయం ఉంది కాబట్టి 'లాన్స్' (ఎఫ్‌ఏఏ గగనతల అనుమతిని ఆన్‌లైన్‌లో ఇచ్చే వ్యవస్థ) సదుపాయం ఉన్న యాప్ ద్వారా ముందే అనుమతి తీసుకోవాలి. అక్కడి కైల్ ఫీల్డ్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజు డ్రోన్ బయటికే తీయకండి. 30,000 లేదా అంతకు మించి సీట్లున్న స్టేడియంలో పెద్ద కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగితే, ఆటకు గంట ముందు నుంచి ముగిశాక గంట వరకు చుట్టూ మూడు నాటికల్ మైళ్ల మేర నిషేధం ఉంటుంది.

చాలామంది మరిచేది యూనివర్సిటీ అనుమతి. ఆకాశం ఎఫ్‌ఏఏ చేతిలో ఉన్నా, డ్రోన్ లేచే నేలా దిగే నేలా యూనివర్సిటీవే. రిస్క్ మేనేజ్‌మెంట్ ఆఫీసును అడగండి. వాళ్లు మిమ్మల్ని తేదీ, చోటు, ఇన్సూరెన్స్ వివరాలు అడగొచ్చు, కాబట్టి కొన్ని వారాల ముందే దరఖాస్తు పెట్టుకోండి.

ఎగరేసేటప్పుడు 400 అడుగులు దాటకండి, డ్రోన్ కంటికి కనిపిస్తూనే ఉండాలి. క్లాసులు మారే వేళ దారులన్నీ జనంతో నిండిపోతాయి. ఆదివారం పొద్దున్నే మంచిది. హాస్టల్ కిటికీల దగ్గరికి పోనివ్వకండి, అవతలివాళ్లు భయపడతారు. క్యాంపస్‌లో ఆసుపత్రి ఉంటే చెవి అటే పెట్టండి. హెలికాప్టర్ చప్పుడు వినిపించగానే, షాట్ ఎంత బాగున్నా సరే, వెంటనే కిందికి దించేయండి.