వర్గాన్ని చదవడం నేర్చుకుందాం – పాఠం 3: ఎనుమాములలో ఎవరు ఆగగలరు?

పోయిన పాఠంలో వరంగల్‌లోని ఆజంజాహి బట్టల మిల్లును ముందు పెట్టుకుని అదనపు విలువ, అంటే కార్మికుడు తన కూలికి మించి పుట్టించే విలువ, ఏమిటో చూశాం. 1934లో నిజాం కాలంలో మొదలైన ఆ మిల్లులో వర్గాలు తేలిగ్గానే కనిపించేవి: యంత్రాలు ఒకరివి, వాటి మీద పని ఇంకొకరిది. చివర్లో ఒక పని ఇచ్చాను, మీ వాడకట్టులో పదిమంది పేర్లు రాసి ఎవరు ఏ వర్గమో పక్కన రాయమని. ఎక్కువమంది చేసేది ఏమిటంటే, నెలకు ఎంత వస్తుందో అంచనా వేసి పైవాళ్లు, మధ్యవాళ్లు, కిందివాళ్లు అని మూడు వరుసలు కట్టేయడం. ఈ పాఠం ఆ అలవాటు వదిలించుకోవడానికే.

ఆదాయం చూడొద్దని కాదు. అది ఎంత వస్తుందో చెబుతుంది గానీ ఎక్కడి నుంచి వస్తుంది, ఎవరి చేతుల మీదుగా వస్తుంది అన్నది చెప్పదు. భూపాలపల్లిలో సింగరేణి పర్మినెంట్ కార్మికుడిని, అదే గల్లీలో కిరాణా కొట్టు నడిపే ఆయనను తీసుకోండి. నెలాఖరుకు కార్మికుడి చేతికే ఎక్కువ రావచ్చు. కానీ ఏ షిఫ్టు, ఏ పని అన్నది ఆయన చేతిలో లేదు. కొట్టాయనకు పొద్దున షటర్ ఎన్నింటికి ఎత్తాలో చెప్పేవాడు లేడు, హోల్‌సేల్ వాళ్లు ఉద్దెర ఆపేస్తే మాత్రం అరలు ఖాళీ అవుతాయి. ఇద్దరి బలం వేరు, ఇద్దరి టెన్షన్ వేరు. మనం పట్టుకోవాల్సింది ఈ తేడాను.

మార్క్స్‌కూ ఇదే చిక్కు ఎదురైంది. ‘పెట్టుబడి’ మూడో సంపుటం చివరి అధ్యాయం పేరే ‘వర్గాలు’. ఆయన 1883లో చనిపోయాక రాతప్రతులను స్నేహితుడు ఎంగెల్స్ సర్ది 1894లో అచ్చువేయించాడు. కూలి, లాభం, భూమి మీద వచ్చే కౌలు, ఇట్లా ఆదాయం వచ్చే దారిని బట్టే వర్గం ఏర్పడుతుందని పైపైన చూస్తే అనిపిస్తుంది అంటాడు మార్క్స్. ఆ లెక్కన డాక్టర్లు ఒక వర్గం, ప్రభుత్వ అధికార్లు ఇంకో వర్గం అయిపోతారు కదా అని మళ్లీ తనే అడ్డం తగులుతాడు. కొద్ది పేరాలకే రాత ఆగిపోతుంది. ఆ తర్వాత వచ్చిన సోషియాలజీలో సగం వాదం ఆగిపోయిన ఆ చోటు నుంచే నడిచిందని నా అభిప్రాయం.

దాన్ని ఇంకో వైపు నుంచి ఎత్తుకున్నవాడు జర్మన్ సోషియాలజిస్టు మాక్స్ వెబర్. ఆయన పోయిన రెండేళ్లకు, 1922లో వచ్చిన పుస్తకంలో ఒక గట్టి మాట ఉంది: వర్గ స్థితి అంటే చివరికి మార్కెట్‌లో మన స్థితే. ఆస్తి ఉన్నవాడు ధర నచ్చకపోతే సరుకు ఆపుకోగలడు, లేనివాడు బతకడం కోసం ఉన్నదాన్ని వచ్చిన ధరకే వదిలించుకోవాలి. అంటే మనం అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎంత సంపాదిస్తాడు" కాదు, "ఎన్ని రోజులు ఆగగలడు".

ఈ ప్రశ్న పట్టుకుని మిర్చి సీజన్‌లో వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు పోదాం. యార్డు నిండా ఎర్రటి బస్తాలు, ఘాటుకు తుమ్ములు ఆగవు. జెండా పాట, అంటే వేలం, మొదలవుతుంది. మంచి సరుకుకు ఒక ధర పలుకుతుంది, పేపర్లో వచ్చేది ఆ ధరే, కానీ చాలా రాశులకు అంతకంటే తక్కువే పడుతుంది. తాలు ఎక్కువుందని, తేమ ఉందని కోత పెడతారు. ములుగు వైపు నుంచి వచ్చిన ఒక కౌలు రైతు తన బస్తాల పక్కన నిలబడి ఉన్నాడనుకోండి. ధర నచ్చలేదు. కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని రెండు నెలలు చూద్దామా అంటే, నారు పోసిన రోజుల్లో పెట్టుబడికి డబ్బులిచ్చింది అడ్తిదారు, అంటే కమీషన్ మీద పంట అమ్మిపెట్టే వ్యాపారి, అందుకే పంట ఆ అడ్తికే తెచ్చాడు. వడ్డీ నడుస్తూనే ఉంది. ఆగితే అప్పు పెరుగుతుంది, అమ్మితే రేటు లేదు. ఖరీదుదారు మాత్రం ఇవాళ కొనకపోతే రేపు కొంటాడు. అడ్తిదారుకు వడ్డీ రూపంలో ఒకసారి, కమీషన్ రూపంలో ఇంకోసారి ఆ ఒక్క రైతు దగ్గరి నుంచే వస్తుంది. కాంటా దగ్గర దడ్వాయి తూకం చూస్తాడు, హమాలీలు బస్తా లెక్కన కూలికి మోస్తారు, కింద రాలిన కాయలు ఆడవాళ్లు ఏరుతుంటారు.

వెబర్ ఇంకో సంగతి కూడా చెప్పాడు, నాకు చాలా ఇష్టమైనది. పాత కాలంలో వర్గ పోరాటం అప్పు ఇచ్చినవాడికీ తీసుకున్నవాడికీ మధ్య, తర్వాత సరుకు ధర మీద, ఆ తర్వాత కూలి రేటు మీద అంటూ మెల్లగా జరుగుతూ వచ్చిందంటాడు. ఎనుమాములలో ఈ మూడూ ఒకే పొద్దున, ఒకే షెడ్డు కింద జరుగుతున్నాయి. అడ్తితో అప్పు, ఖరీదుదారుతో ధర, హమాలీలతో కూలి. మన దగ్గర ఒక దశ పోయి ఇంకోటి రాలేదు, ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి.

యార్డులో కనబడని మనిషి ఒకరున్నారు, భూమి యజమాని. ఆయన హన్మకొండలోనో హైదరాబాద్‌లోనో ఉంటాడు, పంట పండినా ఎండినా కౌలు ముడుతుంది. 2018లో మొదలైన రైతుబంధు కూడా పట్టాదారుకే అందింది, కౌలు రైతుకు కాదు. మార్క్స్ చెప్పిన కూలి, లాభం, కౌలులో మూడోది ఇదిగో ఇక్కడుంది. వర్గాన్ని చదివేటప్పుడు కళ్లముందు లేనివాళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలని ఇందుకే పట్టుబడతాను.

మరి ఆ కౌలు రైతు ఏ వర్గం? అడ్తి ముందు అప్పులోడు. కానీ తోటలో కాయ ఏరడానికి కూలీలను పిలిచినప్పుడు రేటు తగ్గించమని బేరమాడేది కూడా ఆయనే. ఇట్లాంటి స్థానాలకు అమెరికన్ సోషియాలజిస్టు ఎరిక్ ఓలిన్ రైట్ 1970లలో ఒక పేరు పెట్టాడు: వైరుధ్య వర్గ స్థానాలు. ఒకే మనిషి రెండు వర్గాల మధ్య, రెండింటి లాగుడూ తగిలే చోట నిలబడటం. ఆయన రాసింది ఫోర్మన్లు, మేనేజర్లు, చిన్న యజమానుల గురించి. మనకు అంతకంటే మంచి ఉదాహరణ సిరిసిల్లలో ఉంది. అక్కడ ఆసామి అంటే నాలుగో ఎనిమిదో సాంచాలు, అంటే మరమగ్గాలు, సొంతంగా ఉన్న మనిషి. నూలు, భీములు (పడుగు నూలు చుట్టిన రోలర్లు) ఇచ్చేది పెద్ద యజమాని, బట్ట తిరిగి పోయేదీ ఆయన దగ్గరికే. ఆసామికి మీటరుకు ఇంత అని ముడుతుంది, కార్మికుల కూలి, కరెంటు బిల్లు అన్నీ అందులోంచే కట్టాలి. కార్మికులు కూలి పెంచమంటే ఆసామి ఎటు నిలబడాలి? వాళ్లతో కలిసి యజమానిని రేటు అడగొచ్చు, లేదా యజమాని ఇచ్చినంతలోనే వాళ్ల కూలిని నొక్కొచ్చు. స్థానం ఆ రెండు దారులూ చూపిస్తుంది, ఏ దారి పడతాడో ముందే చెప్పదు. వర్గ సిద్ధాంతం జాతకం కాదు, దయచేసి అట్లా వాడకండి.

ఇక్కడ కులం మాట ఎత్తకపోతే పాఠం అబద్ధమవుతుంది. 1936లో అంబేద్కర్ ‘కుల నిర్మూలన’లో స్పష్టంగా చెప్పాడు, కులం పని విభజన మాత్రమే కాదు, పనిచేసేవాళ్ల విభజన కూడా అని. ఒకే కూలి తీసుకునే ఇద్దరు ఒక చోట కూర్చుని తినకపోతే, వాళ్లను ఒక వర్గం అని కాగితం మీద రాసుకుని ఏం లాభం? దీనికి ఒక పూర్తి పాఠం కావాలి, వచ్చేసారి అదే.

ఈలోగా పని. పాత పదిమంది జాబితా తీయండి, ఆదాయం గడి కొట్టేయండి. ఒక్కొక్కరికీ నాలుగు సంగతులు రాయండి: చేతిలో ఏముంది, అంటే భూమా, షాపా, ఆటోనా, డిగ్రీనా, ఎవరి మాట వినక తప్పదు, వాళ్ల మాట వినక తప్పనివాళ్లు ఎవరు, పని గానీ అమ్మకం గానీ ఆగిపోతే అప్పు చేయకుండా ఎన్ని రోజులు నడుస్తుంది. నాలుగోది ఊహించి రాయొద్దు, దగ్గరివాళ్లయితే నేరుగా అడగండి, చాలామంది చెబుతారు. ఇంట్లో వంట, పిల్లల పని చేసే ఆడవాళ్లను మొగుడి వరుసలో కలిపేయకండి, వాళ్లకు వేరే వరుస పెట్టండి. ఎవరి దగ్గర మీకు రెండు జవాబులు తగువు పడ్డాయో ఆ పేరు చుట్టూ గీత గీయండి. వచ్చే పాఠంలో ఆ పేర్లతోనే మొదలుపెడతాం.