పని మీద కవిత: కాలం ఎట్లా పట్టాలి

కూలి బతుకు మీద కవిత రాసే ముందు కాగితం మూలన మూడు ముక్కలు రాసుకోండి: ఏ ఊరు, ఏ ఏడు, ఏ పని. 1945లో నల్లగొండ పల్లెలో దొర పొలం దున్నింది వెట్టి. దానికి కూలి లేదు. అక్కడ సాయంత్రం పైసలు లెక్కపెట్టించారంటే కవిత అబద్ధమైపోతుంది. నయాపైసలు వచ్చిందే 1957లో, అంతకుముందు అణాలు. 2006 తర్వాత ఉపాధి పనికి వచ్చిన మనిషి నోట ‘నీ బాంచెన్ దొరా’ పెట్టినా అంతే.

కాలం తెలిపే వస్తువులు ఒక కవితకు రెండు చాలు. మోట, కుంచం, గొంగడి, కిరసనాయిలు బుడ్డి వరుసగా పేర్చితే సామాన్ల పట్టీ అవుతుంది. ఆ రెండూ పని చేస్తూ కనబడాలి.

ఎడ్లతో బాయి నీళ్లు తోడే మోటనే చూడండి. ఎడ్లు వాలు దిగుతుంటే నిండిన బొక్కెన పైకొస్తుంది. తోలేవాడు తన బరువు కూడా కలవాలని మోకు మీద కూర్చుంటాడు. తోలు తొండం నీళ్లు ఒలకబోయగానే లేస్తాడు, ఎడ్లు వెనక్కి నడుచుకుంటూ ఎక్కుతాయి. ఎడ్లు దిగేటప్పటి కవిత పాదం సాగాలి, ఎక్కేటప్పటివి రెండు మూడు మాటల్లో తెగాలి. లయ అక్కడే దొరుకుతుంది, ఛందస్సు కోసం వేరే వెతకక్కర లేదు.

‘తరతరాల బానిసత్వం వెన్ను విరిచింది’ అని రాశారనుకోండి. కొట్టేసి ఇట్లా రాసి చూడండి:

ఎడ్లు దిగంగ మోకు మీద కూసున్నడు
తొండం ఒలికె. లేచిండు.
పొద్దు నెత్తికొచ్చె
మడి సగమే తడిసె

ఆకలి, నొప్పి, ఎదురుచూపు ఏ కాలానికైనా ఉండేవే. వాటి పేరెత్తకుండా ఒంటి మీద చోటు చూపించండి: నాటేసే ఆమెకు నడుము, పత్తి ఏరే ఆమెకు ఎండు కాయ మొన గీరిన వేలి కొన. పాలమూరు నుంచి నాగార్జునసాగర్ కట్టకు పోయినవాళ్ల కబురు కార్డు ముక్క మీద వచ్చేది. ఇప్పుడు బొంబాయి నుంచి ఫోను వస్తుంది. కార్డు తీసి ఫోను పెట్టినా వాకిట్ల అవ్వ కూర్చున్న తీరు మార్చనక్కర లేదు.

‘మిరుగం’ అన్నచోట ‘మృగశిర కార్తె’ అని దిద్దకండి. ‘బాయి’ని ‘బావి’ చేయకండి.

చివరికి ఆ పని చేసిన పెద్దవాళ్లకు చదివి వినిపించండి. ‘గట్ల గాదు బిడ్డా’ అన్నచోట గీటు పెట్టుకోండి. ఎక్కువ తప్పులు పనుల వరుసలోనే దొరుకుతాయి: నాటు పడకముందే కలుపు తీసి ఉంటారు, విత్తనం వేసే మిరుగంలోనే జొన్న కోసేసి ఉంటారు.