చూరు మూడడుగులు వెనక్కి జరిపాక మా పెంకుటింట్లోకి వెలుతురు వచ్చింది

మా ఇల్లు కావలికి తూర్పున, సముద్రం వైపు పోయే దారిలో ఉంది. మా మామయ్య వాళ్ల నాన్న కట్టించిన తూర్పు ముఖం పెంకుటిల్లు. ముందు ఏడడుగుల పంచ, లోపల సావిడి, దానికి దక్షిణాన ఒక గది, వెనక వంటిల్లు. పద్దెనిమిది అంగుళాల మందాన ఇటుక, బంకమట్టి గోడలు. టేకు దూలం, తాటి వాసాలు, మంగుళూరు పెంకులు. అన్నదమ్ముల పంపకాలప్పుడు సావిడి మధ్యలో నాలుగంగుళాల అడ్డగోడ లేపి రెండు వాటాలు చేశారు. తర్వాత చిన్నమామయ్య వాళ్లు నెల్లూరు వెళ్లిపోయారు, వాటా మాకే ఇచ్చారు, గోడ మాత్రం అలాగే ఉండిపోయింది. పగలు పదకొండు గంటలకు కూడా లైటు వేస్తేగానీ పిల్లలకు పుస్తకంలో అక్షరం కనపడేది కాదు.

చూసినవాళ్లంతా పడగొట్టి స్లాబు ఇల్లు కట్టుకోమన్నారు. మేం పడగొట్టలేదు. ఉన్న ఇంటినే మార్చుకున్నాం. అలాంటి ఇల్లు మీకూ ఉంటే పనికొస్తుందని, చేసిన పద్ధతి చేసినట్టు రాస్తున్నాను.

సుత్తి పట్టే ముందు సుద్దముక్క పట్టండి. నేను పది రోజులు చేసిన పని అదే. పొద్దున ఏడింటికి, తొమ్మిదింటికి, మధ్యాహ్నం, సాయంత్రం నాలుగింటికి ఎండ ఇంట్లో ఎక్కడిదాకా వస్తోందో నేలమీద గీత గీసి పక్కన టైము రాశాను. "ఏందమ్మా ఇది, ఇల్లంతా ముగ్గులా?" అని మా అత్తమ్మ అడిగింది. పదో రోజుకు ఆమే నన్ను పిలిచి గీతలు చూపించింది. పొద్దున ఏడింటి గీత తప్ప ఒక్కటి కూడా సావిడి గడప దాటలేదు. తొమ్మిదింటికల్లా ఎండ పంచలోనే ఆగిపోతోంది. పంచ చూరు నేలనుంచి ఐదున్నర అడుగుల ఎత్తులోనే ఉంది మరి. అప్పటిదాకా మేమంతా గోడలే అడ్డమనుకున్నాం. అసలు అడ్డం చూరు.

గాలికీ ఇలాంటి పరీక్షే ఉంది. పాత చీర అంచు చింపి పీలికలు చేసి ప్రతి కిటికీ ఊచకూ, ప్రతి తలుపుకూ కట్టండి. మా వైపు మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తూర్పు నుంచీ ఆగ్నేయం నుంచీ తిరుగుతుంది. మే నెలలో పొద్దున పూట పడమటి వడగాలి కొడుతుంది. కాబట్టి మా తీరంలో తూర్పు, దక్షిణం తెరవాలి, పడమర వీలైనంత మూయాలి. పడమటి గోడకు పెద్ద కిటికీ పెట్టించుకుని, ఎండాకాలమంతా దాన్ని దుప్పటితో మూసుకున్న ఇళ్లు మా ఊళ్లోనే ఉన్నాయి. మేం పడమటి వైపు స్నానాలగది, సామాన్ల గది పెట్టాం. వంటిల్లు వాయవ్యంలో ఉన్నచోటే ఉంచాం. వాస్తు ప్రకారం ఆగ్నేయం కుదరకపోతే వాయవ్యం పరవాలేదంటారు కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లతో ఆ గొడవ రాలేదు.

ఇక చూరు సంగతి. ఉన్నచోటే స్తంభాలు పొడుగు చేసి చూరును పైకి లేపుదామని మొదట అనుకున్నాం. మేస్త్రీ వద్దన్నాడు. పెంకు కప్పుకు రెండడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఉండాలి. చూరు లేపితే వాలు తగ్గుతుంది, గాలివానకు నీళ్లు పెంకుల కిందికి ఎదురెక్కుతాయి. దానికి బదులు చూరును వెనక్కి కోశాం. ఏడడుగుల పంచను నాలుగడుగులు చేశాం. అదే వాలు మీద మూడడుగులు వెనక్కి వస్తే చూరు అడుగున్నర పైకి వచ్చినట్టే. ఐదున్నర కాస్తా ఏడడుగులైంది, తల వంచకుండా లోపలికి నడవొచ్చు. వదిలేసిన మూడడుగులు ఆరుబయట అరుగైంది, సాయంత్రం అందరం కూర్చునేది ఇప్పుడు అక్కడే. ఈ ఒక్క పనితోనే సావిడిలోకి పొద్దున తొమ్మిది దాటాక కూడా ఎండ వచ్చింది, అప్పటికి ఇంకా ఒక్క గోడ కూడా ముట్టుకోలేదు.

చూరు కోస్తే వానజల్లు లోపలికి కొట్టదా అని అడుగుతారు. కొడుతుంది. మాకు పెద్దవానలు ఈశాన్య రుతుపవనాలవే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అదీ తూర్పు ముఖం ఇంటికి ఎదురుగానే. అందుకే స్తంభాల మధ్య చుట్టి పైకి కట్టుకునే వెదురు తెరలు పెట్టించాం, మూడు నెలలు దించుతాం, మిగతా తొమ్మిది నెలలు ఎత్తి ఉంచుతాం. తుపాను గాలికి ముందు లేచిపోయేవి చూరు వరస పెంకులే. ఆ వరసను తీగతో రీపర్లకు, అంటే పెంకులు ఆనే సన్న కర్రలకు, కట్టించండి. సముద్రం దగ్గర మామూలు ఇనుప తీగ తుప్పు పట్టి తెగుతుంది, రాగి తీగ వాడండి.

గోడల విషయంలో తొందర అస్సలు వద్దు. ఏ గోడ తీయొచ్చో, ఏది తీయకూడదో కిందినుంచి చూస్తే తెలీదు. నిచ్చెన వేసుకుని అటకమీదికి ఎక్కి చూడండి. వాసాలు ఏ గోడమీద కూర్చున్నాయో, దూలం కొన ఏ గోడలో దూరిందో ఆ గోడలు ఇంటిని మోస్తున్నాయి. పైదాకా వెళ్లకుండా మధ్యలో ఆగిపోయి, దానిమీద ఏ కర్రా ఆనకుండా ఉన్నది అడ్డగోడ. మా పంపకాల గోడ అలాంటిదే. దాన్ని తీయడానికి ఒక పూట పట్టింది. మొదటి ఇటుక మా అత్తమ్మ చేత తీయించాం. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత నెల్లూరుకు ఫోన్ చేసి చిన్నమామయ్యకు చెప్పింది. సావిడి మళ్లీ పద్దెనిమిది అడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు అయింది.

సావిడికీ వంటింటికీ మధ్య గోడ మాత్రం వాసాలు మోసేది. అందులో తొమ్మిదడుగుల దారి తెరిచాం. ఇలాంటి పని ఇంజనీరు వచ్చి చూడకుండా చేయొద్దు. ఆయన ఫీజు మొత్తం ఖర్చులో చాలా చిన్నది. మట్టిగోడ ఒక్కచోట బరువు పడితే నలిగిపోతుంది, అందుకని దారికి రెండు కొసలా పునాది నుంచి సిమెంటుతో ఇటుక స్తంభాలు లేపి, పది రోజులు తడిపాక ఇనుప గర్డర్లు ఎక్కించాం. ఎక్కించే ముందు గోడకు రెండు వైపులా వాసాల కింద మూడడుగులకొకటి చొప్పున జాకీలు, వాటి అడుగున చెక్కలు పెట్టించాం. గోడను ఒక్కసారే చీల్చకూడదు. మందంలో సగం తొలిచి ఒక గర్డరు దూర్చి, పైన సందుల్లో గట్టి మాలు కూరి, అది గట్టిపడ్డాక రెండో సగం తొలిచి రెండో గర్డరు పెట్టారు. ఆ తర్వాతే కింది గోడ తీశారు. గర్డర్ల సైజు మీ ఇంటి బరువును బట్టి ఇంజనీరే చెప్పాలి. ఉప్పుగాలి తగులుతుంది కాబట్టి పెట్టే ముందే తుప్పును ఆపే రెడాక్సైడ్ రంగు రెండు పూతలు వేయించండి.

కిటికీలకు ఒక లెక్క ఉంది. మా తీరం లాంటి ఉక్కపోత ప్రాంతాల్లో గది నేల వైశాల్యంలో కనీసం ఆరో వంతు కిటికీలు ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. మా సావిడి 216 చదరపు అడుగులు, ఆరో వంతు 36. మాకున్నది రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు కిటికీ ఒక్కటే, అంటే ఆరు చదరపు అడుగులు. తూర్పున వాకిలికి అటూ ఇటూ మూడు బై నాలుగు కిటికీలు రెండు, ఉత్తరాన అలాంటిదే ఇంకొకటి పెడితే కొత్త కిటికీలే సరిగ్గా 36 అయ్యాయి. మూలకు మరీ దగ్గరగా కిటికీ కొట్టనీయకండి, మట్టిగోడకు బలం మూలల్లోనే. దక్షిణపు గదికి కిటికీ పెద్దది చేసి, ఆ గది తలుపు మీద సందు తెరిచి అడ్డచెక్కలు పెట్టించాం. మధ్యాహ్నం గాలి గదిలోంచి సావిడిలోకి, అక్కడినుంచి ఉత్తరపు కిటికీలోంచి బయటికి పోతుంది. చీర పీలికలు మళ్లీ కట్టి చూశాను, అన్నీ ఉత్తరానికి ఎగిరాయి.

సావిడిమీద అటక తీసేశాం. దూలం దాకా కన్ను పైకి పోతుంటే అదే గది రెండింతలైనట్టు ఉంది. గదిమీద అటక మాత్రం ఉంచండి, లేకపోతే బిందెలూ పరుపులూ అన్నీ సావిడిలోకే వస్తాయి. గాజు పెంకులు దొరుకుతాయి, మంగుళూరు పెంకు సైజులోనే, పాతది తీసి ఇది దూర్చడమే. తూర్పు వాలులో మాత్రమే పెట్టండి. పడమటి వాలులో పెడితే ఎండాకాలం నెత్తిన నిప్పే. ఒకేసారి అరడజను కొనొద్దు. మేం రెండు పెట్టి నెల చూసి ఇంకో రెండు పెట్టాం.

గోడల పూత గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, మేం దెబ్బతిన్నది ఇక్కడే. కొన్నేళ్ల క్రితం ఒక మేస్త్రీ చెప్పాడని దక్షిణపు గోడకు సిమెంటు పూత వేయించాం. రెండు వానాకాలాలు తిరిగేసరికి పూత ఉబ్బి పలకలు పలకలుగా ఊడింది, లోపల మట్టి తడిసి ముద్దయింది. మట్టిగోడ నేలలోని చెమ్మను పైకి పీలుస్తుంది, ఆ చెమ్మ గోడ ముఖంలోంచి ఆరిపోవాలి. సిమెంటు దాన్ని బయటికి పోనీయదు. ఈసారి ఆ పూతంతా చెక్కించి సున్నపు పూత వేయించాం. సున్నం ముందుగానే నానబెట్టాలి, మేం నెల నానబెట్టాం. సున్నం ఒక వంతుకు ఇసుక మూడు వంతులు, అందులో బెల్లం, కరక్కాయ నానిన నీళ్లు. సున్నం కాగేటప్పుడు పిల్లల్ని దగ్గరికి రానీయకండి, కంట్లో పడితే చూపే పోతుంది. మీద ప్లాస్టిక్ పెయింట్ వద్దు, తెల్లసున్నమే వేయండి. తెల్లగోడ కిటికీ వెలుతురును గది మూలలదాకా తోస్తుంది.

ఇసుక, నీళ్లు కూడా మా వైపు ఊరికే నమ్మకూడదు. చుట్టూ రొయ్యల గుంటలు, బోరు నీళ్లు ఉప్పు. నోట్లో వేసుకుంటే ఉప్పగా ఉన్న నీళ్లు కాంక్రీటులో పోస్తే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. స్తంభాలకు, కిటికీల మీద వేసే కాంక్రీటు లింటెళ్లకు మంచినీళ్ల ట్యాంకరు తెప్పించాం. కాలవ గట్టు ఇసుక దగ్గరని తేవొద్దు, పెన్నా ఇసుకే తెప్పించుకోండి.

నేల ఎత్తు పెంచకండి, పెంచితే చూరు మళ్లీ కిందికి వచ్చినట్టే. పాత బండలు తీయించి, కడిగించి, సమంగా పరిపించాం, అంతే. వంటగట్టుకు చీమకుర్తి వెళ్లి పెద్ద గ్రానైటు పలకల్లో మిగిలిన ముక్క తెచ్చుకున్నాం. నల్లటి గెలాక్సీ రాయి ఎంత అందంగా ఉంటుందో చెప్పక్కర్లేదు, కానీ నలుపు వెలుతురును మింగుతుంది, గట్టు వరకే చాలు.

కరెంటు పైపుల కోసం మట్టిగోడను తొలిపించవద్దు, గోడమీదే పైపులు వేయించండి. లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు. కరెంటు ఇంట్లోకి వచ్చేచోట 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి, తప్పకుండా పెట్టించండి, తడి పట్టే పాత ఇంట్లో అది ప్రాణం కాపాడుతుంది. పెరట్లో పాత సిమెంటు రేకుల పాక ఉంటే రేకుల్ని పగలగొట్టకండి, వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, దాని పొడి ఊపిరితిత్తులకు ప్రమాదం. తడిపి, మాస్కు పెట్టుకుని, రేకు రేకే దించాలి.

పని సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి ఉగాదికి కప్పు పని ముగించాం. మీరూ అలాగే పెట్టుకోండి, కప్పు తెరిచి ఉండగా అక్టోబరు రాకూడదు. విప్పే పని కాంట్రాక్టుకు ఇవ్వకండి, తొందరలో పెంకులు సగం పగులుతాయి. రోజు కూలీకి ఇద్దరు మనుషుల్ని పెట్టుకుని నిదానంగా దించి, పెంకుల్ని పడుకోబెట్టకుండా అంచుమీద నిలబెట్టి పేర్చాం. పూత పని మాత్రం అడుగు లెక్కన ఇచ్చాం. తాటి వాసాల్ని ఒక్కొక్కటీ సుత్తితో తట్టి, స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి. బోలు శబ్దం వస్తే చెదలు తిన్నదే. మావి పదకొండు మార్చాం. గోడా నేలా కలిసేచోట అడుగుకొక రంధ్రం వేసి చెదల మందు పోయించాం. అనుకున్న డబ్బుకు ఐదో వంతు పక్కన పెట్టుకోండి. మా ఐదో వంతు వాసాలకూ, ఊడిన దక్షిణపు గోడకే సరిపోయింది.

మొదటి పెద్దవాన పడ్డ రాత్రి టార్చి పట్టుకుని ఇల్లంతా తిరగండి. ఎక్కడ చుక్క పడుతోందో అక్కడ లోపలినుంచే ఆ పెంకు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టండి. తెల్లారి ఎండ వచ్చాక ఏ పెంకో వెతుక్కోవడం కష్టం. మాకు నాలుగు చోట్ల కారింది. మూడు పెంకులు పొద్దునే మార్చేశాం. నాలుగోది గాజు పెంకు పక్కనుంచి. దాన్ని తీసి, కిందినున్న రీపరు అరంగుళం పైకి జరిపి మళ్లీ కూర్చోబెట్టాక ఆగింది.