అగ్నిపర్వత శిలలో దొరికిన కొత్త ఖనిజాన్ని ఎలా వర్ణించాలి?

రష్యాలోని కమ్చట్కా ద్వీపకల్పంలో టోల్బాచిక్ అనే అగ్నిపర్వతం ఉంది. 1975-76లో అది బద్దలైనప్పుడు ఏర్పడిన పగుళ్లలోంచి వేడి వాయువులు వెలువడి, చల్లబడి, రాతి మీద రంగురంగుల పొరలుగా పేరుకున్నాయి. ఆ పొరల్లో వందకు పైగా కొత్త ఖనిజాలు దొరికాయి. 2020లో వివరాలు ప్రచురితమైన పెట్రోవైట్ అనే నీలి ఖనిజం వాటిలో ఒకటి. దాన్నే ఉదాహరణగా తీసుకుందాం.

ముందుగా నమూనా సేకరణ. ఏ పగులులో, ఏ ఖనిజాల పక్కన దొరికిందో అక్కడికక్కడే రాసుకోండి. ఆ వివరాలు లేకపోతే రాయి దాదాపు అనాథే. దుమ్ము పట్టింది కదా అని నీళ్లతో మాత్రం కడగకండి. వాయువుల నుంచి పుట్టిన సల్ఫేట్లలో చాలావి నీటిలో కరిగిపోతాయి, కొన్ని గాలిలోని తేమను పీల్చుకుని వేరే ఖనిజంగా మారిపోతాయి. గాలి చొరబడని పొడి గాజు గొట్టంలో భద్రపరచండి.

తర్వాత రంగు, మెరుపు, గీత రంగు (గరుకు పింగాణీ పలక మీద రుద్దితే పడే గీత రంగు), కాఠిన్యం, కాంతి వక్రీభవనం నమోదు చేయాలి. ఇవి తప్పనిసరే కానీ, వీటితో ఏదీ తేలదు. నీలం రంగు ఎన్నో రాగి ఖనిజాలకు ఉంటుంది.

మూడోది రసాయన కూర్పు. ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్ అనే పరికరం నమూనా మీదికి ఎలక్ట్రాన్ల పుంజాన్ని పంపి, వెంట్రుక కంటే సన్నని చోట కూడా ఏ మూలకం ఎంత ఉందో కొలుస్తుంది. సోడియం ఉంటే జాగ్రత్త పడాలి: పుంజం తాకిడికి అది పక్కకు జరిగిపోయి, కొలత తక్కువ చూపుతుంది. పుంజాన్ని వెడల్పు చేసి, కరెంటు తగ్గించి కొలవండి. వచ్చిన సూత్రంలో విద్యుదావేశాలు సరిపోయాయో లేదో చేత్తో లెక్కవేసుకోండి. పెట్రోవైట్‌లో పది సోడియం, ఒక కాల్షియం, రెండు రాగి పరమాణువులకు ఎనిమిది సల్ఫేట్ సమూహాలు ఉంటాయి. సోడియంకు ఒకటి చొప్పున పది, కాల్షియంకు రెండు, రాగికి రెండు చొప్పున నాలుగు కలిపితే ధనావేశం పదహారు. ఒక్కోదానికి రెండు చొప్పున ఎనిమిది సల్ఫేట్ల రుణావేశమూ పదహారే. ఇలా లెక్క కుదరకపోతే కొలతలో ఎక్కడో లోపం ఉన్నట్టే.

అసలు పరీక్ష నిర్మాణంలో ఉంది. వజ్రం, గ్రాఫైట్ రెండూ కార్బనే. పరమాణువుల అమరిక వల్లే అవి వేరు ఖనిజాలు. అందుకే ఒక్క స్ఫటికాన్ని ఏరి ఎక్స్‌రేలు పంపి, ఏ పరమాణువు ఎక్కడ ఉందో తేల్చాలి. పెట్రోవైట్‌లో రాగి చుట్టూ ఏడు ఆక్సిజన్ పరమాణువులు చేరాయని ఇలాగే తెలిసింది. రాగికి అలాంటి అమరిక చాలా అరుదు. నాకు ఈ పనిలో అన్నింటికన్నా అందమైన ఘట్టం ఇదే. మీరు కనుగొన్న అమరికను నమోదైన ఖనిజాలన్నింటితో ఓపికగా పోల్చి చూడండి.

ఇక పేరు. సొంత పేరు పెట్టుకోకూడదు, బతికున్నవారి పేరైతే వారి అనుమతి కావాలి. పెట్రోవైట్‌కు స్ఫటిక శాస్త్రవేత్త తొమాస్ పెట్రోవ్ పేరు పెట్టారు. వివరాలన్నీ అంతర్జాతీయ ఖనిజ శాస్త్ర సంఘానికి చెందిన కమిషన్‌కు పంపితే సభ్యులు ఓటు వేస్తారు. ఆమోదం వచ్చేదాకా ఆ పేరును ఎక్కడా ప్రచురించకండి.

ప్రతిపాదించే నాటికి మూల నమూనాను, అంటే ఖనిజాన్ని వర్ణించడానికి ఆధారమైన నమూనాను, మ్యూజియంలో భద్రపరిచే ఏర్పాటు జరిగి ఉండాలి. కాబట్టి దొరికిన రేణువులన్నింటినీ పరీక్షల కోసం పొడి చేయకుండా, మంచి స్ఫటికం ఒకటైనా మొదటిరోజే పక్కన పెట్టండి.