స్లాగ్, బూడిద దించుకునే ముందు: ఆ రిపోర్టు ఈ లోడుదేనా?

ఈమధ్య ఒక గోదాము నేల ఉబ్బిపోయిందంటే వెళ్లి చూశాను. కాంక్రీటు మధ్యలో పైకి లేచింది, తలుపులు నేలకు పట్టేసి తెరుచుకోవడం లేదు. పగలగొడితే కింద కంకరకు బదులు స్టీలు స్లాగ్ (లోహం కరిగించి తీశాక మిగిలే రాయిలాంటి మడ్డి) ఫిల్లింగ్ ఉంది. టెస్ట్ రిపోర్టు లేదా అంటే ఉంది, అది దొంగ రిపోర్టూ కాదు. కాకపోతే అది యార్డులో నెలల తరబడి వానకు తడిసి ఎండిన పాత కుప్పది, అందులో ఉబ్బేది చాలావరకు అక్కడే ఉబ్బేసింది. లారీల్లో వచ్చి దిగింది కొత్త సరుకు.

మాస్కులు, గ్లౌజుల సంగతి మీకు తెలిసిందే. నేను చూసినంతలో ఎక్కువమందిని ముంచింది ఒకటే తప్పు, ఒక లోడు రిపోర్టు చూసుకుని ఇంకో లోడు వాడటం. సిమెంటును సిమెంటుగానే తయారుచేస్తారు. స్లాగ్, బూడిద అలా కాదు, ఫ్యాక్టరీ వేరే సరుకు చేస్తుంటే మిగిలేవి. మీకు నప్పేలా ఉండాలని అక్కడ ఎవరూ కొలిమిని సర్దరు.

స్లాగ్ అన్న పేరొక్కటే చూసి మోసపోకండి. బ్లాస్ట్ ఫర్నేస్ (ముడి ఖనిజం నుంచి ఇనుము తీసే కొలిమి) స్లాగ్‌ను కరిగి ఉండగానే నీళ్లతో చల్లారిస్తే గాజులా మారుతుంది, మెత్తగా ఆడిస్తే సిమెంటులో పనికొస్తుంది. అదే గాలికి నెమ్మదిగా చల్లారితే కంకరగానే వాడుకోవాలి. స్టీలు తయారీలో వచ్చే స్లాగ్ వేరే జాతి. అందులో దేనితోనూ కలవని సున్నం మిగిలి ఉంటుంది, తడి తగిలితే అది దాదాపు రెట్టింపు జాగా తీసుకుంటుంది. అందులోనే ఉండే మెగ్నీషియా (మెగ్నీషియం ఆక్సైడు) ఇంకా నెమ్మదిగా, ఏళ్ల తరవాత ఉబ్బుతుంది. రాయి పగలగొట్టి చూస్తే ఒక్కోసారి లోపల తెల్లని గింజలు కనిపిస్తాయి, తడి తగిలితే పిండిలా విచ్చుకుంటాయి. కనిపించలేదని ధైర్యపడొద్దు. ఉబ్బే గుణానికి టెస్ట్ చేయించాల్సిందే. గచ్చు కింద, గోడల మధ్య ఫిల్లింగ్‌కు మాత్రం స్టీలు స్లాగ్ వద్దే వద్దు.

ఫ్లై యాష్‌దీ (బొగ్గు కాల్చే కరెంటు ప్లాంటు పొగలోంచి పట్టే సన్నని బూడిద) అదే కథ. బొగ్గు మారినా, బాయిలర్ కొత్తగా వెలిగించినా బూడిద మారిపోతుంది. కాలని కార్బన్ ఎక్కువైతే కాంక్రీటులో గాలి బుడగల కోసం వేసే మందును పీల్చేసుకుంటుంది. ఆ కార్బన్ ఎంతుందో తెలిపే లెక్క, అంటే బూడిదను మళ్లీ కాల్చినప్పుడు తగ్గే బరువు, 6 శాతం దాటకూడదని అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎమ్ సీ618 చెబుతుంది. పొగ శుద్ధికి అమోనియా వాడే ప్లాంటు బూడిదైతే సిమెంటుతో కలిపినప్పుడు ఆ గ్యాస్ బయటికొస్తుంది. మూసిన గదిలో ఆ కాంక్రీటు పోయొద్దు.

ప్రతి లారీకీ టెస్ట్ కుదరదంటారు, నిజమే. అందుకే కుప్పకు చేయించండి. పైపైన కాకుండా లోపల్నుంచి నాలుగైదు చోట్ల శాంపిల్ తీయించి, కుప్పకు నంబరు వేయించి, ఆ కుప్ప నుంచే లోడు ఎత్తించండి. మళ్లీ చెబుతున్నా, ఆ రిపోర్టు ఈ లోడుదేనా చూడండి.

ఇంకా:

- అల్యూమినియం డ్రాస్ (కరిగించినప్పుడు పైన తేలే తెట్టు) మీద నీళ్లు చల్లొద్దు. దుమ్ము లేస్తోందని బూడిదను తడిపినట్టే దీన్నీ తడిపేస్తారు. హైడ్రోజన్, అమోనియా వస్తాయి, నిప్పంటుకుంటుంది.
- ఫాస్ఫేట్ రాయిలోని రేడియం (రేడియేషన్ ఇచ్చే లోహం) చాలావరకు ఫాస్ఫోజిప్సంలోనే (ఎరువుల ఫ్యాక్టరీలో ఆ రాయి నుంచి మిగిలే జిప్సం) మిగులుతుంది. రేడియేషన్ టెస్ట్ లేకుండా ఇంటి బోర్డులకు వాడొద్దు.
- రెడ్ మడ్ (బాక్సైట్ నుంచి అల్యూమినా తీశాక మిగిలే ఎర్ర బురద) ఒంటిని కాలుస్తుంది. 2010లో హంగరీలోని అజ్కాలో ఈ బురద నిల్వ చేసిన చెరువు గట్టు తెగి 10 మంది చనిపోయారు. బూటులోకి కారితే వెంటనే విప్పి కడగాలి.
- క్రోమియం వ్యర్థంతో పల్లం పూడ్చొద్దు. అమెరికాలో న్యూజెర్సీలోని హడ్సన్ కౌంటీ అలా పూడ్చి దశాబ్దాలుగా శుభ్రం చేసుకుంటోంది.
- బావి దగ్గర కుప్ప పోయొద్దు.
- నీళ్లలో ఏం కరుగుతుందో చూసే టెస్ట్ లేనిదే నేల మీద పరవొద్దు.
- వానలకు ముందే కప్పండి. కారిన నీళ్లు కాలవలోకి వదలొద్దు.
- ఇద్దరు సప్లయర్ల సరుకు కలపొద్దు.
- ప్రతి లోడు నుంచి ఒక సంచి తీసి, లారీ నంబరు, తేదీ రాసి దాచండి.
- చలానా మీది కుప్ప నంబరు రిపోర్టులో లేకపోతే లారీని గేటు బయటే ఆపండి. డ్రైవరు తొందరపెట్టినా దించొద్దు.